కారు బ్యాటరీ మార్పిడి

కారు బ్యాటరీ మార్పిడి అనగా శక్తి నశించిన బ్యాటరీని తొలగించి కొత్తదానిని అమర్చడం. కార్లలో సాధారణంగా వాడేది సీసపు పలకలు, సజల గంధకికామ్లం గల బ్యాటరీ. దీనిని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించాడు. ఇందలి ఆరు ఘటాలు కలిసి 12 వోల్టులనిస్తాయి. హైదరాబాదు వంటి నగరాలలో వేసవి వేడిమి దీని ఆయుష్షును తగ్గిస్తుంది.

మార్చే విధానం

ఇంజను ఆపి, తాళంచెవి తీయాలి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు ధరించాలి. మొదట ఋణ ధ్రువపు (−) తీగను, పిదప ధన ధ్రువపు (+) తీగను విప్పాలి. కారు లోహపు చట్రం ఋణ ధ్రువానికి కలిపి ఉంటుంది. ధన ధ్రువాన్ని ముందుగా విప్పేటప్పుడు పానా చట్రానికి తగిలితే షార్టు సర్క్యూట్ ఏర్పడి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ వాయువు వాటివలన పేలవచ్చు. బిగించేటప్పుడు ఈ క్రమం తారుమారవుతుంది: ముందు ధన, తరువాత ఋణ. ఆమ్లం ఒంటిపై పడితే వెంటనే ధారాళంగా నీటితో కడగాలి.

నీట మునిగిన కార్లు

2020 అక్టోబరు వరదలలో పాతబస్తీలోని హాఫిజ్ బాబా నగర్, ఫలక్‌నుమా ప్రాంతాలు జలమయమయ్యాయి. అట్లు మునిగిన కారును స్టార్టు చేయరాదు. నీరు తగ్గిన పిదప ఋణ ధ్రువపు తీగను విప్పి, మెకానిక్కుకు చూపించాలి.

పాత బ్యాటరీ

సీసం విషపదార్థం, పిల్లల మెదడు ఎదుగుదలకు హానికరం. కనుక పాత బ్యాటరీని పగలగొట్టరాదు, ఆమ్లాన్ని మురుగుకాలువలో పోయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులది. కొత్తది కొన్న దుకాణంలో పాతదానిని అప్పగిస్తే సాధారణంగా ధరలో కొంత తగ్గిస్తారు.