చేతుల శుభ్రత: నర్సుల అలవాటు మారిన తీరు

రోగిని ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలన్న నియమం కొత్తది కాదు. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ డాక్టర్ల చేత, వైద్య విద్యార్థుల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు కొద్ది నెలల్లోనే 2 శాతం దరిదాపులకు దిగాయి. తర్వాత పుష్కరం తిరిగేసరికి ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సులకూ అదే మాట చెప్పింది. నియమం పుస్తకాలకెక్కింది గానీ వార్డుల్లో అంతంతమాత్రంగానే అమలైంది. తప్పు నర్సుల అశ్రద్ధదేనని చాలాకాలం అనుకున్నారు.

ఆ నింద అన్యాయమని జెనీవా విశ్వవిద్యాలయ ఆస్పత్రుల్లో తేలింది. 1994లో డిడియే పిటే బృందం వార్డుల్లో నిలబడి లెక్క తీస్తే, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో 48 శాతంలోనే ఆ పని జరుగుతోంది. పని ఒత్తిడి పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతోంది. ఐసీయూ నర్సుకు గంటలో ఇరవైసార్లకు పైగా ఆ అవసరం పడుతుంది. సింకు దాకా నడిచి, సబ్బు రుద్ది, కడిగి, తుడుచుకోవడానికి ప్రతిసారీ నిమిషమో, నిమిషంన్నరో కావాలి. నియమం తు.చ. తప్పకుండా పాటిస్తే గంటలో అరగంట దానికే సరి. ఇక రోగిని చూసేదెప్పుడు?

అందుకే పిటే బృందం సింకును నమ్ముకోలేదు. ప్రతి మంచం దగ్గరా ఆల్కహాల్ ద్రావణం సీసా పెట్టింది, జేబులో పట్టే చిన్న సీసాలూ ఇచ్చింది. అరనిమిషంలోపే పని పూర్తవుతుంది. సిబ్బందితో కలిసి తయారుచేసిన పోస్టర్లు గోడలకెక్కాయి. లెక్కల ఫలితాలు ఎప్పటికప్పుడు వార్డులకే తెలియజేశారు. 1997 చివరికి 48 శాతం 66కు చేరింది, ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 1998కి 16.9 శాతం నుంచి 9.9కి తగ్గాయి. నర్సులు బాగా మారారు. డాక్టర్లలో మార్పు నామమాత్రమే.

ఈ పద్ధతినే 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాలకూ తీసుకెళ్లింది. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన అయిదు సందర్భాలను 2009లో మార్గదర్శకాల్లో చేర్చింది. అడ్డంకులు మాత్రం పూర్తిగా పోలేదు. గ్లవ్స్ ఉన్నాయి కదా అన్న ధీమా ఒకటి, పదేపదే రుద్దితే చర్మం పొడిబారుతుందన్న భయం మరొకటి. ద్రావణంలో గ్లిజరిన్ కలిపేది ఆ పొడిబారడం తగ్గడానికే. పెద్ద నర్సులు, డాక్టర్లు పాటించని చోట కొత్తగా చేరినవాళ్లూ మానేస్తారు. ఒక్క నర్సుకు మోయలేనంతమంది రోగుల్ని అప్పగిస్తే మంచం పక్కన సీసా ఉన్నా చెయ్యి దాని మీదికి పోదు. అది సరిదిద్దాల్సింది నర్సు కాదు, ఆస్పత్రి యాజమాన్యం.