ఉసంబరా కొండల నుండి ఇంటి కుండీకి
(ఆఫ్రికా వయొలెట్ చరిత్ర)

మొక్కను ఒకచోట పెకలించి మరొకచోట నాటడం తోటమాలికి నిత్యకృత్యము. నారుమడి నుండి పొలానికి వరినారు చేరడం పల్లెలో ప్రతి పిల్లవాడూ చూచిన దృశ్యమే. కాని ఒక ఖండములో కొండరాళ్ళ పగుళ్ళలో పెరిగే మొక్క మరొక ఖండములోని ఇంటి కిటికీలోకి వచ్చి పూయడం అంత తేలికగా జరిగే పని కాదు. దాని వెనుక పరిపాలకులు, వృక్షశాస్త్రజ్ఞులు, విత్తన వర్తకులు, ఇంటి తోటలు పెంచే సామాన్యులు అందరూ ఉంటారు. ఆఫ్రికా వయొలెట్ అనే చిన్న మొక్క చరిత్రలో వీరందరూ కనిపిస్తారు.

పేరులోని పొరపాటు

ఆఫ్రికా వయొలెట్ నిజమునకు వయొలెట్ కాదు. అసలు వయొలెట్లు వయోలా ప్రజాతికి చెందినవి. ఐరోపాలో పరిమళమునకు ప్రసిద్ధి చెందిన వయొలెట్ ఈ ప్రజాతిలోనిదే. యునానీ వైద్యులు బనఫ్షా అని వాడే మూలిక కూడ ఇదే. తెలుగుదేశపు పొలంగట్లమీద, పచ్చిక నేలలలో మొలిచే రత్నపురుష అనే చిన్న మొక్క వయొలెట్ కుటుంబములోనిది. దాని పువ్వులో క్రింది రేక ఒక్కటే మిగిలిన వాటికంటె ఎంతో పెద్దదిగా ఉంటుంది. ఉపాధ్యాయులు దానిని తరగతిలో విద్యార్థులకు సులభముగా చూపవచ్చును.

ఆఫ్రికా వయొలెట్ గెస్నీరియేసీ అనే వేరొక కుటుంబానికి చెందినది. పువ్వు రంగు వయొలెట్‌ను పోలి ఉండడమే ఈ పేరుకు కారణము. పోలిక అంతటితో సరి. ఐరోపా వయొలెట్ ఆరుబయట చలికి, మంచుకు తట్టుకొంటుంది. ఆఫ్రికా వయొలెట్ మంచు పడితే చనిపోతుంది. అందుచేతనే చలిదేశాలలో అది తోటమొక్క కాక ఇంటిలోపలి మొక్క అయినది.

ఎండిన నమూనా, మొలిచే విత్తనము

ఈ మొక్క జన్మస్థానము తూర్పు ఆఫ్రికా. నేటి టాంజానియా ఈశాన్య భాగములోని ఉసంబరా కొండలు, వాటికి తూర్పున ఉన్న టాంగా తీరప్రాంతము, కెన్యాలోని కొన్ని చోట్లు దీని నివాసాలు. దట్టమైన అడవి నీడలో, తేమగల బండల పగుళ్ళలో, కొద్దిపాటి ఆకుమట్టిని ఆధారము చేసుకొని పెరుగుతుంది.

జాంజిబార్‌లో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న సర్ జాన్ కర్క్ 1884లోను, టేలర్ అనే మతప్రచారకుడు 1887లోను దీని నమూనాలను లండన్ సమీపమున ఉన్న క్యూ ఉద్యానవనానికి పంపినారు. కాని ఒక కొత్త మొక్కను వర్ణించి పేరు పెట్టడానికి ఆ నమూనాలు చాలలేదు. మొక్క అజ్ఞాతముగానే ఉండిపోయినది.

అప్పటికి ఆ ప్రాంతము జర్మనీ అధీనములోనికి వస్తున్నది. వాల్టర్ ఫాన్ సెంట్ పౌల్ అనే జర్మన్ అధికారి టాంగా ప్రాంతములో పనిచేస్తూ 1892లో ఈ మొక్కను చూచినాడు. టాంగా సమీపమున సున్నపురాతి బండలలోను, ఉసంబరా అడవులలోను అది పెరుగుతున్నది. జర్మనీలో ఉన్న ఆయన తండ్రికి మొక్కలంటే మక్కువ. కుమారుడు పంపిన విత్తనాలు తండ్రి ద్వారా హానోవర్ నగరములోని హెరెన్‌హౌసెన్ ఉద్యానవనానికి చేరినవి. దాని అధిపతి హెర్మన్ వెండ్‌లాండ్ ఆ విత్తనాలను మొలిపించి, పూయించి, 1893లో సెంట్‌పౌలియా అయొనాంథా అని నామకరణము చేసినాడు. మొదటి మాట ఆ తండ్రికొడుకుల వంశనామము. రెండవ మాటకు గ్రీకు భాషలో వయొలెట్ వంటి పువ్వులు గలది అని అర్థము.

ఇక్కడ గమనింపదగిన విషయ మొకటి ఉన్నది. ఎండిన నమూనా చేయలేకపోయిన పనిని మొలిచే విత్తనము చేసినది. పువ్వు కళ్ళెదుట పూచిన తరువాతనే దాని భాగాలను పూర్తిగా పరీక్షించడము సాధ్యమైనది. ఆ మొక్కకు అక్కడి ప్రజలు పెట్టుకొన్న పేరు ఏదైనను ఈ నామకరణములో దానికి చోటు దొరకలేదు. వలసపాలన కాలపు వృక్షశాస్త్రములో తరచుగా జరిగినది ఇదే.

వేయి నారులలో పది

1893లోనే బెల్జియములోని ఘెంట్ నగరములో జరిగిన అంతర్జాతీయ ఉద్యాన ప్రదర్శనలో ఈ మొక్క పలువురి దృష్టిని ఆకర్షించినది. ఎర్ఫుర్ట్ నగరములోని ఎర్న్‌స్ట్ బెనరీ సంస్థ విత్తనాలను అమ్మజొచ్చినది. అయినను ముప్పది సంవత్సరాలకు పైగా అది ధనికుల గాజుగృహాలలో వింతమొక్కగానే మిగిలినది.

1926లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరములో ఆర్మకాస్ట్, రాయ్‌స్టన్ అనేవారి నర్సరీ జర్మనీ నుండి, ఇంగ్లండు నుండి విత్తనాలు తెప్పించినది. సుమారు వేయి మొక్కలు మొలిచినవి. వాటిలో నుండి ఏరి ఏరి చివరకు పది రకాలను మాత్రమే నిలిపినారు. వాటిలో బ్లూ బాయ్ అనే నీలిపువ్వుల రకము ఎక్కువ పేరు పొందినది. తరువాత కాలములో ఈ రకాలలో తలయెత్తిన ఉత్పరివర్తనాల వల్లను, సంకరణము వల్లను గులాబిరంగు పువ్వులు, ముద్దపువ్వులు, అంచులు ముడతలుపడిన పువ్వులు వచ్చినవి.

1938లో ప్రతిదీప్తి దీపాలు అమెరికాలో అమ్మకానికి వచ్చినవి. వేడి తక్కువగా, వెలుగు ఎక్కువగా ఇచ్చే ఈ దీపాల క్రింద ఎండ సోకని గదిలో కూడ మొక్క పూయసాగినది. అడవి నీడకు అలవాటుపడిన మొక్క కాబట్టి దానికి తీవ్రమైన ఎండతో పనిలేదు. 1946లో అట్లాంటా నగరములో ఆఫ్రికా వయొలెట్లకే ప్రత్యేకముగా ఒక ప్రదర్శన జరిగినది. దానితోపాటే పెంపకందారుల సంఘము కూడ రూపొందినది.

ఆకు నుండి మొక్క

ఇంటింటికి వ్యాపించడానికి మరొక ముఖ్యకారణము కూడ ఉన్నది. విత్తనాలు కట్టాలంటే పరాగరేణువులు కీలాగ్రానికి చేరాలి. ఇంటిలో ఆ పని చేసే కీటకాలు ఉండవు. కాని ఈ మొక్కకు ఒక ఆకు చాలును. ముదరని, లేతది కాని ఆకును కాడతో సహా కోసి, ఇసుక, ఆకుమట్టి కలిపిన తేమ మిశ్రమములో కాడ మునిగేటట్లు గుచ్చితే, కొన్ని వారాలలో వేళ్ళు పుడతాయి. రెండు మూడు నెలలలో కాడ మొదటినుండి పిల్లమొక్కలు లేస్తాయి. వాటికి నాలుగైదు ఆకులు వచ్చిన తరువాత విడదీసి చిన్న కుండీలలో నాటాలి. మధ్యనున్న మొగ్గ మట్టిలో కూరుకొనిపోతే కుళ్ళుతుంది కనుక దానిని మట్టికి పైనే ఉంచాలి. పెద్ద కుండీలో నీరు నిలిచి వేళ్ళు పాడవుతాయి కనుక కుండీ చిన్నదిగా ఉండడమే మేలు.

1937లో నేలర్, జాన్సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ పునరుత్పత్తిని సూక్ష్మదర్శినితో పరిశీలించినారు. వేళ్ళు ఆకుకాడ లోపలి కణాల నుండి పుడతాయనీ, కాండపు మొగ్గలు పైపొరలోను, దానిని ఆనుకొనియున్న పొరలోను ఉన్న కణాల నుండి పుడతాయనీ వారు చూపినారు. దీని ఫలితము తోటమాలికి అనుభవమే. వేర్వేరు జన్యులక్షణాలుగల కణపొరలతో ఏర్పడిన చారలపువ్వుల రకాన్ని ఆకు ద్వారా పెంచితే పిల్లమొక్కలు సాధారణముగా ఆ చారలను చూపవు. అట్టి రకాన్ని దాని పిలకల ద్వారా పెంచాలి.

ఆకులమీద చల్లని నీరు పోస్తే పసుపుపచ్చని మచ్చలు, వలయాలు ఏర్పడడము పెంపకందారులందరికి తెలిసినదే. ఇది తెగులు కాదు. ఆకు ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోయినప్పుడు స్తంభ కణజాలములోని కణాలు దెబ్బతింటాయి. అందువల్ల గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటిని కుండీ అడుగునుండి అందించడము మంచిది.

జన్మభూమిలో పరిస్థితి

శాస్త్రజ్ఞుల దృష్టి మళ్ళీ ఆఫ్రికా అడవులవైపు మరలినది. ఎడింబరో ఉద్యానవనములో పనిచేసిన బర్ట్ 1958, 1964 సంవత్సరాలలో ఈ ప్రజాతిలోని జాతులను క్రమబద్ధము చేసినాడు. 1997 నుండి జరిగిన డి. ఎన్. ఏ. పరిశోధనలు సెంట్‌పౌలియా నిజానికి స్ట్రెప్టోకార్పస్ అనే ప్రజాతిలోని ఒక శాఖ మాత్రమే అని చూపినవి. 2015లో దానిని ఆ ప్రజాతిలోనే చేర్చినారు. తండ్రికొడుకుల పేరు నేడు ఉపవిభాగపు పేరుగా మిగిలినది.

కోట్ల కిటికీలలో వర్ధిల్లే ఈ మొక్కకు పుట్టినచోట మాత్రము కష్టకాలము దాపురించినది. బండమీద పెరిగే మొక్కను ఎవరూ నరకనక్కరలేదు. దానిపై నీడనిచ్చే చెట్టును నరికితే చాలును. ఎండ తగిలి, తేమ ఆరి, మొక్క ఎండిపోతుంది. తూర్పు ఉసంబరాలో కలప కొరకు చెట్లు కొట్టినారు, తేయాకు తోటలు వేసినారు. అడవి చెట్ల నీడలోనే అడుగుభాగాన్ని శుభ్రము చేసి ఏలకులు నాటినారు. ఏలకి మన పడమటి కనుమల మొక్క. ఒక దేశపు మొక్క వలసవచ్చి మరొక దేశపు మొక్క చోటును ఆక్రమించడానికి ఇది ఒక ఉదాహరణము. ఏలకులు పండించిన పేదరైతుకు అది జీవనాధారమన్న సంగతి కూడ మరువరాదు. 1997లో అమానీ ప్రకృతి సంరక్షణ క్షేత్రము ఏర్పడి అక్కడి అడవిలో కొంతభాగానికి రక్షణ లభించినది.

ఇళ్ళలో ఇన్ని కుండీలుండగా అడవిలోని మొక్క పోతే నష్టమేమని అడుగవచ్చును. ఇంటి రకాలు ప్రధానముగా తొలినాళ్ళలో ఐరోపా చేరిన కొద్ది విత్తనాల సంతతి. ఆకుల ద్వారా పెంచిన మొక్కలన్నీ తల్లిమొక్క నకళ్ళే. చలికి ఓర్చే గుణము, తెగులును ఎదిరించే గుణము వంటివి వెదకవలసి వస్తే వెదకవలసినది అడవి జాతులలోనే. వాటిలో కొన్ని ఒకే కొండకు పరిమితమైనవి. ఆ కొండమీది చెట్లు పోతే ఆ జాతియే పోతుంది. కుండీలోని మొక్క ఎన్ని ఆకులిచ్చినను దానిని తిరిగి సృష్టించలేదు.