తబూక్ యాయ్, హైదరాబాద్ కమాన్: ఒక స్ప్రింగ్ కథ

డ్యూటీల వల్ల ఈ వారం ఎపిసోడ్ విననివాళ్ల కోసం ఇది రాసి పెడుతున్నాను. విన్నవాళ్లు కూడా ఒకసారి చూడండి. మైక్ ముందు మర్చిపోయిన సంగతులు రెండు మూడు ఇందులో ఉన్నాయి.

తబూక్‌లో ఉండే మనోళ్లకు పాత రైల్వే స్టేషన్ తెలిసే ఉంటుంది. ఇప్పుడు అది మ్యూజియం. ఒట్టోమన్ సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ కట్టించిన హిజాజ్ రైల్వేలో ఇదొక పెద్ద స్టేషన్. 1900లో డమాస్కస్ వైపు నుంచి పని మొదలైంది. 1906లో లైను తబూక్‌కు వచ్చింది, 1908లో మదీనా చేరింది. మొత్తం సుమారు 1,300 కిలోమీటర్లు. దీనికి చాలా దేశాల ముస్లింలు చందాలు పంపారు. మన హైదరాబాద్ నుంచి కూడా వెళ్లాయి. అక్కడ ముల్లా అబ్దుల్ ఖయ్యూం అనే పెద్దాయన ఆ చందాల కోసం తిరిగారు. మనం ఇక్కడి నుంచి ఇంటికి పైసలు పంపుతున్నాం. వందేళ్ల కింద అక్కడి పైసలు ఇక్కడికి వచ్చాయన్న మాట.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. లారీ కింద పట్టీలు పట్టీలుగా ఉండే స్ప్రింగును మన షెడ్లలో కమాన్ కట్ట అంటరు. కమాన్ ఫారసీ మాట, విల్లు అని అర్థం. తబూక్ సనాయాలో స్ప్రింగుకు 'యాయ్' అంటారు. అది టర్కీ మాట, దానర్థం కూడా విల్లే. నిజాం రాజ్యంలో ఫారసీ, ఇక్కడ టర్కీ. ఏలినవాళ్లు పోయారు, మాటలు మెకానిక్ నోట్లో మిగిలాయి.

ఈ రైలు లైను మీదే కమాన్‌కు సంబంధించిన ఒక పాత కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బులు, ఇంగ్లీషువాళ్లు కలిసి ఈ పట్టాలను, బ్రిడ్జిలను పేల్చేవాళ్లు. ఇంగ్లీషు ఆఫీసర్ లారెన్స్ దగ్గర రోల్స్‌రాయిస్ కార్లు ఉండేవి. 1918 సెప్టెంబర్‌లో తబూక్‌కు చాలా ఉత్తరాన, దెరా దగ్గర ఒక బ్రిడ్జి పేల్చి తిరిగొస్తుంటే ఒక కారు వెనక స్ప్రింగు బ్రాకెట్ తెగిపోయింది. తొమ్మిది కార్లు పద్దెనిమిది నెలలు ఎడారిలో తిరిగితే, ఇలా విరగడం అదే మొదటిసారని లారెన్సే రాసుకున్నాడు. వర్క్‌షాప్ లేదు, వెనక టర్కీ సైనికులు వస్తున్నారు.

డ్రైవర్ పేరు రోల్స్. కారు పేరు, ఆయన పేరు కలవడం కాకతాళీయం. ఒక్క దారి ఉందన్నాడు ఆయన. ఇసుకలో దిగబడితే జంట టైర్ల మధ్య పెట్టడానికి కారులో ఒక కట్టె ఉంది. దాన్ని మూడు ముక్కలు చేసి, పక్క ఫుట్‌బోర్డు మీద పెట్టి, స్ప్రింగును పాత ఎత్తుకు లేపి నిలబెట్టాలి. రంపం లేదు. కట్టెకు అడ్డంగా తుపాకీ గుళ్లు కాల్చి విరగ్గొట్టారు. ఆ చప్పుడుకు అవతలివాళ్లు కూడా జర ఆగిపోయారు. జాకీ వేసి, ముక్కలు పెట్టి, తాళ్లతో కట్టి బయల్దేరారు. ప్రతి రాయి దగ్గరా, ప్రతి గుంట దగ్గరా రోల్స్ మనిషి నడక స్పీడుకు తగ్గించాడు. క్యాంపుకు చేరాక టెలిగ్రాఫ్ తీగతో మళ్లీ గట్టిగా చుట్టారు. ఆ కారు అట్లనే డమాస్కస్ దాకా పోయింది.

ఈ కథ విన్నవాళ్లు "మస్తు జుగాడ్" అంటరు. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. డ్రైవర్ చెప్పాడు, ఆఫీసర్ విన్నాడు.

ఇప్పుడు మన బండ్ల దగ్గరికి వద్దాం. కమాన్ కట్టలో పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడే ఊగుడును కొంత ఆపుతుంది. చుట్ట స్ప్రింగుకు ఆ గుణం లేదు. ఒకసారి అదిరితే ఊగుతూనే ఉంటుంది. అందుకే పక్కన షాక్ అబ్జార్బర్ తప్పనిసరి అయింది. అరబీలో దాన్ని ముసాదాత్ అంటారు, అంటే సాయం చేసేవి. హైలక్స్ 1968లో వచ్చింది. ఇప్పుడు మనం నడిపే వాటికి కూడా చాలావరకు వెనక కమాన్ కట్టే, ముందు చుట్ట స్ప్రింగు.

స్టీరింగ్ కథ ఇంకా పాతది. గుర్రపు బగ్గీలో ముందు ఇరుసు మొత్తం తిరిగేది, మలుపులో బండి పల్టీ కొట్టేది. చక్రాలు విడివిడిగా తిరిగి, లోపలి చక్రం ఎక్కువ, బయటిది తక్కువ తిరిగే పద్ధతికి 1818లో లండన్‌లో ఆకర్‌మన్ పేటెంట్ తీసుకున్నాడు. కనిపెట్టింది జర్మనీలో బగ్గీలు చేసే లాంకెన్‌స్పెర్గర్. పేరు మాత్రం ఆకర్‌మన్‌కు మిగిలింది. నేటి టై రాడ్ చేసేది ఆ పనే. ఇక్కడ టై రాడ్లను అజ్రా అంటారు, అంటే చేతులు. బాల్ జాయింట్లు రుకబ్, మోకాళ్లు. కంట్రోల్ ఆర్మ్‌లు మఖస్సాత్, కత్తెరలు.

ఈ మోకాళ్లకు, చేతులకు రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే గ్రీజు పోతుంది, దుమ్ము చేరుతుంది. సైట్ రోడ్ల మీద ఇది తొందరగా అవుతుంది. కీలు అరిగి అరిగి ఒకరోజు ఊడుతుంది. అప్పుడు చక్రం స్టీరింగ్ మాట వినదు.

మా సైట్‌లో అదే అయింది. మా డ్రైవర్ తమ్ముడు రెండుసార్లు చెప్పాడు, "అన్నా, దర్కసూన్ ఊగుతుంది" అని. కాంక్రీట్ పోసే రోజులు. "ఏం గాదు, పోత అయినంక చూద్దాం" అన్నాను. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివినవాణ్ణి, నాకు తెలియక కాదు. మూడోరోజు పొద్దున ఆరుగురితో వస్తుంటే టై రాడ్ ఎండ్ ఊడింది. బండి రోడ్డు దిగి ఇసుకలో కూరుకుంది కాబట్టి బతికారు. ఒకతనికి భుజం ఎముక విరిగింది. అతను ఇంటికి పైసలు పంపని మూడు నెలలు నాకు లెక్క ఉంది.

అందుకే డ్రైవర్ తమ్ముళ్లకు ఒక మాట. జాకీ మీద లేపి, కింద స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైన కింద పట్టి ఊపండి. ఆడితే బాల్ జాయింటో బేరింగో. కుడి ఎడమ పట్టి ఊపితే ఆడేది ఎక్కువగా టై రాడ్. టైరు ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ చూపించండి. గుంటలు గుంటలుగా అరిగితే షాక్‌లు చూడండి. టై రాడ్ మార్చాక వజ్న్ అజ్రా, అంటే అలైన్‌మెంట్ చేయించకుండా సనాయా నుంచి కదలొద్దు. ఏ లోపం కనిపించినా నోటితో చెప్పి ఊరుకోకండి, ఫోటో తీసి తేదీతో మెసేజ్ పెట్టండి.

ఇక నాలాంటి సూపర్‌వైజర్లకు: డ్రైవర్ చెబితే ఆ రోజే బండి ఆపండి. పోత ఒక రోజు ఆలస్యమైతే మనకు తిట్లు పడతాయి, అంతే.

జాగ్రత్తగా ఉండండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.