ఎదచప్పుడు నుండి అతిధ్వని వరకు

గౌతమీ సాగరసంగమమునకు చేరువనున్న మా దరియాలతిప్ప 1954 వరకు యానాముతోపాటు ఫ్రెంచి పాలనలో నుండెను. రొమ్ములోని రుగ్మతను చెవితో పట్టు విద్యయు ఆ ఫ్రెంచివారి యొద్దనే వర్ధిల్లినది. 1816లో పారిసునందు లెనెక్ అను వైద్యుడు ఒక యువతి ఎదపై చెవి యానించుటకు సంకోచించి, కాగితమును గొట్టముగా చుట్టి వినెను. స్టెతస్కోపు పుట్టుక యదియే. 1821లో కెర్గరడెక్ ఆ సాధనముతో ఉమ్మనీటి సవ్వడి వినబోయి, గడియారపు టిక్కుటిక్కు వంటి గర్భస్థశిశువు గుండెచప్పుడు వినెను. బిడియమునుండి పుట్టిన పనిముట్టు తల్లులకే అక్కరకు వచ్చుట చిత్రము.

అతిధ్వనితో గర్భమును పరీక్షించు విధమును 1958లో గ్లాస్గోలోని ఇయాన్ డొనాల్డు లోకమునకు తెలిపెను. అయినను గాలి నిండిన ఊపిరితిత్తి దానికి లొంగదని చిరకాలము నమ్మిరి. ఆ నమ్మకమును సడలించినవారిలో ముఖ్యుడు మరల ఫ్రాన్సు వైద్యుడే, డేనియల్ లిక్టెన్‌స్టైన్. ఊపిరితిత్తిలో నీరు చేరినపుడు తెరపై నిలువుచారలు తోకచుక్కల వలె దిగునని ఆయన బృందము 1997లో వెల్లడించెను. 2008లో 'బ్లూ' పద్ధతిని ప్రకటించెను.

గుర్రపువాతము సోకిన గర్భిణికి గాని బాలెంతకు గాని ఆయాసము వచ్చినచో, అది నీరా, న్యుమోనియాయా యని తేల్చవలెను. నీరైనచో సెలైను ఎక్కించుట ప్రాణాపాయము. రోగిని ఎక్సురే గదికి కదల్పకయే మంచముకడ నిమిషములలో చూడవచ్చును. రక్తనాళములోని గడ్డను మాత్రము ఇది నేరుగా చూపదు.

ఆడశిశువుల రక్షణకై 1994లో వచ్చిన చట్టము ఇట్టి యంత్రములను నమోదునకు లోబరచినది. ఆ కట్టడి యవసరమే. అయినను తిప్పమీది తల్లి ఊపిరాడక పడియున్నపుడు యంత్రమే ఆమె చెంతకు రావలెను గదా!