ఫినాలే

సంగీతంలో చివరి ఘట్టానికి ఇటాలియన్ పేరు ‘ఫినాలే’. దాని మూలం లాటిన్ ‘ఫినిస్’. ముగింపు, పొలిమేర అని దానికి రెండర్థాలు. బిగ్ బాస్ వల్ల ‘గ్రాండ్ ఫినాలే’ మన నోట బాగానే నలిగింది. సీరియల్‌లో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌కు మాత్రం పొలిమేర అన్న అర్థమే సరిగ్గా అతుకుతుంది.

2009 మేలో అమెరికన్ ఆసుపత్రి సీరియల్ ‘గ్రేస్ అనాటమీ’ అయిదో సీజన్ ఫినాలే వచ్చింది. బస్సు ఢీకొని ముఖం ఆనవాలు పట్టలేని రోగి డాక్టర్ మెరెడిత్ అరచేతిలో వేలితో 007 అని రాస్తాడు. అది ఆ ఆసుపత్రి డాక్టరే అయిన జార్జ్‌కు తోటి డాక్టర్లు పెట్టిన పేరు! మొదటి సీజన్ నుంచీ చూస్తున్నవాళ్ల గుండె గుభేలుమనడానికి ఆ మూడంకెలు చాలు. సినిమాలోలా శుభం కార్డు పడితే కళ్లు తుడుచుకుని లేచిపోవచ్చు. ఇక్కడ ఏడ్చినవాళ్లే బతుకుతాడేమోనని సెప్టెంబరు దాకా ఆశపడ్డారు. ఆరో సీజన్ మొదట్లోనే జార్జ్ చనిపోయాడు.