దారి తనే తెలుసుకునే క్షిపణి

2019 జనవరి 24 రాత్రి అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ44 రాకెట్ 740 కిలోల మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. మార్చి 27న ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి లేచిన క్షిపణి ఆ ఉపగ్రహాన్నే దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో ఢీకొట్టి ముక్కలు చేసింది. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఆ పని చేసిన నాలుగో దేశం మనదే. మిషన్ శక్తి అనే ఆ పరీక్ష నాటికి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ అధిపతి డాక్టర్ జి. సతీశ్‌రెడ్డి. ఆయనదీ నెల్లూరు జిల్లాయే, ఆత్మకూరు దగ్గరి మహిమలూరు.

అనంతపురం జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివిన సతీశ్‌రెడ్డి 1986లో హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో చేరారు. తర్వాత అబ్దుల్ కలాం నెలకొల్పిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌కు మారి, నావిగేషన్‌నే తన రంగంగా చేసుకున్నారు. 1987లో సంపన్న దేశాలు క్షిపణి పరిజ్ఞానం ఎగుమతిపై ఆంక్షలు పెట్టాయి. కీలకమైన సెన్సర్లు బయట దొరకడం కష్టమైంది. మనమే తయారు చేసుకోక తప్పలేదు.

క్షిపణికి దారి చెప్పేవాళ్లు ఉండరు. తన వేగంలో, దిశలో వచ్చే ప్రతి మార్పునూ కొలుచుకుంటూ ఎక్కడున్నదీ తనే లెక్క కట్టుకోవాలి. ఆ కొలతలో గురుత్వ త్వరణంలో పదివేలోవంతు తేడా ఉన్నా, పది నిమిషాలకు లెక్క సుమారు 175 మీటర్లు తప్పుతుంది.

దిశను కొలవడానికి వాడేది రింగ్ లేజర్ గైరోస్కోప్. గాజు దిమ్మెలో తొలిచిన సన్నని దారిలో, మూలల్లోని అద్దాల మీదుగా, రెండు లేజర్ కిరణాలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. దిమ్మె కదలకపోతే రెంటి పౌనఃపున్యం ఒక్కటే. కాస్త తిరిగిందంటే తేడా వస్తుంది. ఆ తేడాయే ఎంత తిరిగిందో చెబుతుంది. అయితే చాలా నెమ్మదిగా తిరిగేటప్పుడు, అద్దాల మీద చెదిరిన కాంతి వల్ల రెండు కిరణాలూ ఒకదానికొకటి అతుక్కుపోయి తేడా కనిపించదు. అందుకే దిమ్మెను నిరంతరం సన్నగా కంపింపజేస్తారు. అద్దాలు ఎంత నున్నగా ఉంటే కొలత అంత నమ్మదగ్గది.

ఇలాంటి గైరోలతో దేశంలోనే తయారైన నావిగేషన్ వ్యవస్థ 2011 నవంబరులో అగ్ని-4 క్షిపణిని నడిపించింది. సతీశ్‌రెడ్డి 2014లో ఇమారత్ డైరెక్టర్, 2015లో రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారు, 2018లో డీఆర్‌డీఓ ఛైర్మన్ అయ్యారు.

మిషన్ శక్తిలో పరీక్ష మరింత కఠినం. క్షిపణి, ఉపగ్రహం సెకనుకు సుమారు 10 కిలోమీటర్ల వేగంతో ఎదురుపడ్డాయి. సెకనులో వెయ్యోవంతులోనే వాటి మధ్య 10 మీటర్ల దూరం కరిగిపోతుంది. అందుకే చివరి క్షణాల్లో పరారుణ సీకర్ ఉపగ్రహాన్ని చూస్తూ క్షిపణిని సరిదిద్దింది. పేలుడు పదార్థం అక్కర్లేదు, ఆ వేగమే ఆయుధం.

శకలాలు త్వరగా రాలిపోవాలని తక్కువ ఎత్తును ఎంచుకున్నారు. అయినా కొన్ని పైకి ఎగిరి, అనుకున్న 45 రోజులకు మించి కక్ష్యలో ఉండిపోయాయి. నాసా అభ్యంతరం చెప్పింది. ఆ శకలాల బాధ్యతనూ శక్తితో పాటే గుర్తుంచుకోవాలి.

మన పిల్లలకు రాకెట్ లేచే దృశ్యమే చూపించి ఊరుకోకండి. దాని లోపల ఉన్న గైరోను, ఆ గైరోలో ఉన్న భౌతికశాస్త్రాన్ని కూడా నేర్పండి. దేశ రక్షణకు పునాది అక్కడే పడుతుంది.