బొబ్బిలి కోట, బొంగరం, తుపాకి గొట్టం

బొబ్బిలి కథను జంగాలు పాడగా విననివారు మన కళింగసీమలో అరుదు. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి ఆ కోటపై దాడి చేసినారు. రంగారావు పరాక్రమాన్ని, తాండ్ర పాపారాయని ప్రతీకారాన్ని మనవారు మరువలేదు. అయితే ఆనాటి యోధుల చేతిలోని తుపాకులు ఎట్టివో విచారించినవారు తక్కువ.

అవి ప్రధానంగా జామగి తుపాకులు, నున్నని గొట్టపు మస్కెట్లు. గొట్టంకన్న గుండు కొంచెం చిన్నది. పేలినప్పుడు అది గొట్టపు గోడలకు తగులుతూ, ఏ వైపు తాకిడి తుది తాకిడియో ఆ వైపుకు తిరుగుతూ వెలువడేది. కనుక నూరు గజాలు దాటిన పిమ్మట గురి దైవాధీనమే. కోటగోడలను కూల్చుటకు ఫిరంగులు, ప్రాణాలను తీయుటకు దగ్గరి పోరు అవసరమైనవి.

ఈ లోపానికి కారణాన్ని శాస్త్రీయంగా వివరించిన బెంజమిన్ రాబిన్స్ మన దేశపు గడ్డమీదనే కన్నుమూసినాడు. గొట్టంలో మెలికగా గాడులు తీసినచో గుండు తన ప్రయాణదిశనే ఇరుసుగా చేసుకొని తిరుగునని, అందుచేత దారి తప్పదని ఆయన 1747లో లండను రాయల్ సొసైటీకి విన్నవించినాడు. పిమ్మట ఈస్టిండియా కంపెనీ కోటల పనికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెంట్ డేవిడ్ కోటలో మరణించినాడు. బొబ్బిలి యుద్ధానికి అప్పటికి ఇంకా ఆరేండ్లు!

ఇందలి మర్మం మన పిల్లలు ఆడే బొంగరంలో ఉన్నది. వేగంగా తిరిగే బొంగరం నిలుచును. వేగం తగ్గినది తూలిపడును. పొట్టి గుండుకు కొద్దిపాటి తిరుగుడు చాలును. సన్నగా పొడుగుగా ఉన్న తూటాను గాలి తలక్రిందులు చేయజూచును గనుక దానికి బిగువైన మెలిక కావలెను. 1879లో గ్రీన్‌హిల్ అను ఆంగ్ల గణితజ్ఞుడు దీనికొక సూత్రం కట్టినాడు: తూటా వ్యాసాన్ని దానితోనే గుణించి, 150చేత హెచ్చవేసి, తూటా పొడవుచేత భాగించిన యెడల, ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావలెనో తెలియును.

1871లో ఆంగ్లసేన స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిలులో 480 గ్రెయినుల తూటాకు 22 అంగుళాలకు ఒక చుట్టు. తరువాతి పాయింట్ 303 రైఫిలులో 10 అంగుళాలకే ఒక చుట్టు. దీని తూటా బరువును 1910లో 215 గ్రెయినుల నుండి 174కు తగ్గించినారు. అయినను మెలికను మార్చలేదు. ముందుభాగంలో తేలికయైన అల్యూమినియం కూర్చినందున బరువు తగ్గినదే గాని పొడవు దాదాపు అట్లే ఉన్నది. బరువునుబట్టి మెలిక అని వేటగాండ్రు అనుట వాడుక. నిజానికి నిర్ణయించునది పొడవు. ఒకే లోహపు తూటాలలో బరువు పెరిగితే పొడవూ పెరుగును గనుక ఆ వాడుక పుట్టినది.

దూరాన నిలిచిన జంతువును వేటాడువానికి ఇది చిన్న సంగతి కాదు. మెలిక చాలని గొట్టంనుండి వెడలిన పొడుగు తూటా గాలిలో పల్టీలు కొట్టును. మృగం చావక గాయంతో అడవిలో పడి బాధపడును. గాయపడిన పులియో ఎలుగుబంటియో ఊరిమీదికి వచ్చును.

ఈ విద్య ఎవరికి దక్కినదన్న ప్రశ్న కూడ చరిత్రలోనిదే. 1857 తిరుగుబాటు అనంతరం ఆంగ్లప్రభువులు భారతీయ సిపాయిలకు పైకి రైఫిలువలెనే కనిపించు నున్నని గొట్టపు తుపాకులను ఇచ్చినారు. గురి తమ సైనికులకు, శబ్దం మనవారికి. 1878 ఆయుధాల చట్టంతో సామాన్యుని చేతి తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసినారు. జమీందారుల వేటశాలలకు మాత్రం విదేశీ రైఫిళ్లు చేరుచునే ఉన్నవి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేటలకూ కాలం చెల్లినది. బొబ్బిలిలో 1891లో నిలిపిన యుద్ధస్మారక స్తంభం వీరులను తలపించుచున్నది. ఆ వీరుల శౌర్యానికి లోటు లేదు. అప్పటికే పుట్టియున్న శాస్త్రమే ఇంకను వారి వాకిటికి రాలేదు.